అనుమానం మీద పోయిన నౌకరి

నేను షోలాపూర్ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివిన మనిషిని. ముప్పై ఏండ్లకు పైగా సాంచల నడుమనే బతికిన. మొదట మిల్లులో, మిల్లు మూతబడ్డంక టవల్ కార్ఖానాలో. సర్కారు నౌకరీల సంగతి, కోర్టుల సంగతి రాయడానికి నేనెవరినని మీరు అడగవచ్చు. కానీ పోయిన ఏడాది మా ఇంటికే ఒక కాగితం వచ్చింది. దాని వెంబడి తిరిగి తిరిగి కొంత నేర్చుకున్న. అది మన పేటల పిల్లలకు పనికొస్తదని రాస్తున్న. పేర్లు మాత్రం రాయను. మా చెల్లె రాయమన్నది కాబట్టే ఇదంతా రాస్తున్న.

లిఫాఫా వచ్చిన రోజు

మా చెల్లె బీడీ ఘర్‌కుల్‌లో ఉంటది. మా బావ పోయి పన్నెండేండ్లయింది. బీడీలు చుట్టే ఇద్దరు పిల్లల్ని సాకింది. పెద్దవాడు, అంటే నా మేనల్లుడు, రాత్రిళ్ళు టవళ్ళు ఘడీలు పెట్టుకుంట, పగలు కాలేజీకి పోయి బి.కాం. పాసయ్యిండు. ఆ తర్వాత నాలుగేండ్లు పరీక్షల మీద పరీక్షలు రాసిండు. రెండుసార్లు కొద్ది మార్కులతో తప్పిపోయింది. చివరికి ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా నౌకరి తగిలింది. వేరే జిల్లాకు వేసిండ్రు. ఆ రోజు మార్కండేయుని గుడిలో కొబ్బరికాయ కొట్టి, మా లైను మొత్తం పేడాలు పంచినం.

పద్నాలుగు నెలలు పనిచేసిండు. ప్రొబేషన్ ఇంకా అయిపోలేదు. ఒక సోమవారం పొద్దున సాహెబు పిలిచి చేతిల లిఫాఫా పెట్టిండు. లోపల ఒక్కటే పేజీ, మరాఠీలో. నియామక పరీక్షలో మోసం జరిగినట్టు పోలీసుల విచారణలో బయటపడ్డదట. అనుమానితుల జాబితాలో నీ పేరు ఉన్నదట. కాబట్టి ఈ రోజు నుంచి నీ నౌకరి సమాప్తం అని రాసి ఉన్నది.

ఆ రాత్రి బస్సుకే వచ్చిండు. ఇంటికి పోకుండ ముందు నా దగ్గరికి వచ్చిండు.

"మామా, అమ్మకు ఎట్ల చెప్పాలె?" అన్నడు.

నేను కాగితం రెండుసార్లు చదివిన. చదివి, ముందుగాల అడగవలసింది అడిగిన. "నిజం చెప్పు బిడ్డా. కాపీ కొట్టినవా? ఎవరికన్నా పైసలు ఇచ్చినవా?"

"మార్కండేయుని మీద ఒట్టు మామా. నా పెన్ను, నా చెయ్యి. వేరే సంగతి నాకు తెల్వదు."

వాడు చిన్నప్పటి నుంచి నా ముందల అబద్ధం ఆడలేదు. నేను నమ్మిన.

చెల్లె చెప్పిన మాట

తెల్లారి ఇద్దరం కలిసి చెల్లె దగ్గరికి పోయినం. ఆమె చాటల తునికాకు పెట్టుకొని కత్తిరిస్తున్నది. వాడు చెప్తుంటే చెయ్యి ఆపింది. ఏడవలేదు. చాలాసేపు ఊకున్నది. తర్వాత నా దిక్కు చూసి "నేనిచ్చిన అన్నా" అన్నది.

లక్షా యాభై వేలు ఇచ్చిందట. కొంత పీఎఫ్ నుంచి తీసిన సొమ్ము, కొంత గాజులు కుదువబెట్టి తెచ్చిన సొమ్ము. పరీక్షకు నెల ముందు, తోటి బీడీల ఆమె ఇంట్ల ఒకాయన కలిసిండట. "పరీక్ష మీవాడే రాస్తడు, మీదికెళ్లి మేం చూసుకుంటం. పని కాకుంటే మీ పైసలు మీకు వాపస్" అన్నడట. వాడికి తెలిస్తే ఒప్పుకోడని తెలుసు. అందుకే చెప్పలేదు. "రెండుసార్లు కొంచెంల పోయింది గదా, ఈసారి పోవద్దని ఇచ్చిన" అన్నది.

వాడు లేచి బయటికి పోయిండు. సాయంత్రం దాకా రాలేదు.

తర్వాత నాకు తెలిసింది ఏమిటంటే, ఇట్లాంటి దళారుల్లో కొందరికి ఆఫీసుల ఎవ్వరూ తెలియరు. పది మంది దగ్గర సొమ్ము తీసుకుంటరు. ఏమీ చెయ్యరు. ఆ పది మందిలో ఇద్దరో ముగ్గురో తమ చదువుతోనే పాసైతరు. వాళ్ళ సొమ్ము ఉంచుకుంటరు. మిగతా వాళ్ళకు వాపస్ ఇస్తరు, నమ్మకం పెరుగుతదని. పాసైనవాళ్ళ తల్లిదండ్రులు "ఆయన మాట మీద నిలబడే మనిషి" అని నలుగురికి చెప్తరు. ఒక్క పైసా ఖర్చు లేని దందా ఇది. మన పిల్లల చదువే వాళ్ళ పెట్టుబడి.

మా చెల్లె సొమ్ము తీసుకున్నాయన అట్లాంటోడా, లేక నిజంగనే లోపల మార్కులు మార్పించేటోడా, ఈ రోజు దాకా మాకు తెలియదు. పోలీసులకు ఆయన దగ్గర దొరికిన జాబితాలో మాత్రం మావాని పేరున్నది. కొన్ని రోజులకు మా మేనల్లుడు నాతో అన్న మాట నేను మర్చిపోను. "మామా, నేను పాసైన్నా, అమ్మ పైసలు పాసైనయా? ఇప్పుడు నాకే తెల్వకుండ అయింది."

ఎదురింటి పిల్లగాడు

ఈ సంగతి లైనుల తెలిసినంక అందరూ అయ్యో అన్నరు. ఒక్క పిల్లగాడు మాత్రం అనలేదు. అదే పరీక్ష రాసి రెండు మార్కులతో తప్పిపోయిన వాడు. ఇప్పుడు సాంచ మీద టవళ్ళు నేస్తుండు. వాళ్ళమ్మ కూడా బీడీలే చుడ్తది. నేను ఎదురుపడితే నిలబడి అడిగిండు.

"తాతా, మీవానికి అన్యాయమైందంటున్నరు. నాకైంది ఎవరికి చెప్పాలె? మా అమ్మ దగ్గర గాజులు కూడా లేవు."

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. పరీక్షలో మోసం అంటే సర్కారు మీద మోసం అనుకుంటం. కాదు. ఒక్క కుర్చీ దొంగతనంగ నిండితే, ఆ కుర్చీ మన పక్కింటి పిల్లగానిది. పెద్ద పెద్ద ఇళ్ళ పిల్లలు ఈ గుమాస్తా నౌకరీలకు రారు. మనలో మనమే ఒకరి నోటికాడి బుక్క ఒకరం గుంజుకున్నట్టు.

మన చుట్టుపక్కల జరిగినవి

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. మన మహారాష్ట్రలోనే 2019 సంవత్సరపు టీచర్ల అర్హత పరీక్ష, అదే టీఈటీ, 2020 జనవరిలో జరిగింది. తప్పిన వాళ్ళ మార్కులు పెంచి పాసు చేసినట్టు 2021 చివర పుణె పోలీసులు పట్టుకున్నారు. పరీక్షా పరిషత్తు కమిషనరునే అరెస్టు చేశారు. 2022లో 7,800 మందికి పైగా అభ్యర్థులను అనర్హులని తేల్చారు. వాళ్ళలో అప్పటికే బడుల్లో పాఠాలు చెప్తున్నవాళ్ళు ఉన్నారు.

మనకు పక్కనే ఉన్న కలబురగి సంగతి ఇంకా తెలుసుకోవలసింది. కర్ణాటకలో 545 పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ పోస్టులకు 2021 అక్టోబరు 3న పరీక్ష జరిగింది. కలబురగిలోని ఒక కేంద్రంలో రాసిన అభ్యర్థి ఒకరు ఇరవై ఒక్క ప్రశ్నలకే గుర్తులు పెట్టాడు. కానీ మార్కులు మాత్రం నూటికి పైన వచ్చాయి. ఎట్ల దొరికిపోయాడు? ఓఎంఆర్ జవాబు పత్రానికి కార్బన్ కాపీ ఉంటుంది, అది అభ్యర్థి దగ్గరే ఉంటుంది. అసలు పత్రంలో అన్ని గుండ్రాలూ నిండి ఉన్నాయి, కార్బన్ కాపీలో ఇరవై ఒక్కటే ఉన్నాయి. పరీక్ష అయిపోయాక ఎవరో కూర్చొని నింపారన్న మాట. సీఐడీ విచారణలో చివరికి నియామకాల విభాగం చూసిన పెద్ద పోలీసు అధికారే అరెస్టయ్యాడు. మొత్తం పరీక్ష రద్దు చేసి, 2024 జనవరిలో మళ్ళీ పెట్టారు. నిజాయితీగా పాసైన వాళ్ళు కూడా మళ్ళీ రాయవలసి వచ్చింది.

అన్నిటికంటే పెద్దది బెంగాల్ సంగతి. అక్కడ 2016 నాటి నియామకాల్లో సర్కారు బడుల టీచర్లు, గుమాస్తాలు, ప్యూన్లు కలిసి 25,700 మందికి పైగా ఉన్నారు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ నియామకాలు రద్దు చేసింది. అందరూ దొంగలనా? కాదు. దొంగ ఎవరో దొర ఎవరో వేరు చేయడానికి కావలసిన అసలు జవాబు పత్రాలే నాశనం చేశారు. తప్పు కప్పిపుచ్చడానికి చేసిన పనుల వల్ల మొత్తం ఎంపికే బాగు చేయలేనంతగా చెడిపోయిందని కోర్టు చెప్పింది. మోసం చేసినట్టు తేలినవాళ్ళు తీసుకున్న జీతం తిరిగి కట్టాలని, తేలనివాళ్ళు కట్టనక్కర లేదని కూడా చెప్పింది. కానీ తేలనివాళ్ళ నియామకాలు కూడా రద్దయ్యాయి.

తాను మీద సాంచ నంబరు

ఇది చదివినప్పుడు నాకు మిల్లులో నాకైన సంగతి యాదికొచ్చింది. 1985లో ఒక తాను నిండా నూనె మరకలు పడ్డయి. ఆ తాను నా సాంచదే, కావాలని చెడగొట్టిండు అని జాబరు రాసిచ్చిండు. భోంగా మోగినంక అందరూ లోపలికి పోతుంటే నన్ను గేటు దగ్గర ఆపిండ్రు. అప్పటికి మా పెద్దబిడ్డ చంటిది. ఇంటికి పోయి ఏం చెప్పాలో తెలియక చెరువు గట్టు మీద కూసున్న.

మా యూనియన్ పెద్దాయన, పోయిండు ఇప్పుడు, నన్ను వెతుక్కుంట వచ్చి మూడు మాటలు చెప్పిండు. "చార్జిషీట్ అడుగు. జవాబు రాతలో ఇయ్యి. తాను మీది సాంచ నంబరు చూపియ్యమను."

విచారణలో ఫోల్డింగు ఖాతా బుక్కు తెరిపించినం. ఆ తాను మీద నంబరు పక్క వరుస సాంచది. దిగింది రాత్రి పాళీలో. నాది పొద్దటి పాళీ. పదకొండు రోజులకు లోపలికి తీసుకున్నరు. ఆ పదకొండు రోజుల పగారు మాత్రం రాలేదు. తాను మీద నంబరు లేకుంటే నేను దొంగనే అయ్యేవాణ్ణి. లేదంటే మా వరుస వరుసంతా దొంగలమయ్యేవాళ్ళం. బెంగాల్‌లో జరిగింది అదే. తానుల మీది నంబర్లు చింపేసిండ్రు, మొత్తం మాలే వాపస్ పోయింది.

కాగితం చేతిల పెట్టి పొమ్మనవచ్చా?

మా మేనల్లుణ్ణి తీసుకొని ఒక వకీలు దగ్గరికి పోయిన. ఆయన చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్న.

రాజ్యాంగంలో 311వ అధికరణం అని ఉన్నది. సర్కారు నౌకరిలో ఉన్న మనిషిని బర్తరఫ్ చేయాలన్నా, తీసేయాలన్నా, హోదా తగ్గించాలన్నా, మీద ఉన్న ఆరోపణ ఏమిటో చెప్పాలి, విచారణ చేయాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఇయ్యాలి. కోర్టులో నేరం రుజువై శిక్ష పడ్డవాళ్ళ విషయంలో, ఇంకా కొన్ని ప్రత్యేక సందర్భాల్లో ఈ విచారణ అవసరం లేదు.

మరి ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళు? వాళ్ళు మా కాలంలో మిల్లులో బదలీ కామగారుల లాంటి వాళ్ళు. పని బాగ లేదు, సరిపోడు అనుకుంటే విచారణ లేకుండ పంపవచ్చు. కానీ "నువ్వు మోసం చేసినవు" అని మచ్చ వేసి పంపితే అది శిక్షే అవుతుంది, అప్పుడు విచారణ చెయ్యాల్సిందే. సుప్రీంకోర్టు 1958లో ధింగ్రా కేసులో, 1974లో శంషేర్ సింగ్ కేసులో ఈ సంగతి చెప్పిందట. సర్కారు తరఫున ఇంకొక మాట ఉంటది. మోసంతో వచ్చిన నౌకరి అసలు నౌకరే కాదు, దానికి రక్షణ ఎక్కడిది అంటరు. అది కూడా కోర్టులు ఒప్పుకున్న మాటే. కానీ మోసం జరిగిందా లేదా అన్నది ముందు తేలాలి గదా. ఆ తేల్చేదే విచారణ.

ఇంకొకటి కూడా ఆయన మమ్మల్ని మభ్యపెట్టకుండ చెప్పిండు. ఆఫీసు విచారణలో, క్రిమినల్ కోర్టులో లాగ, అనుమానానికి తావే లేనంత రుజువు అక్కరలేదు. జరిగి ఉండవచ్చు అన్న దిక్కు తూకం మొగ్గితే చాలు. పేరు జాబితాలో ఉన్నది. పైసలు ఇచ్చిన మాట నిజం. తూకం మావాని దిక్కు తేలిగ్గ లేదు.

నిజం చెప్పాలా, దాచాలా?

జవాబు రాసే రోజు మా ఇంట్ల పెద్ద గొడవ అయింది. అమ్మ పైసలు ఇచ్చిన సంగతి రాస్తే కేసు అమ్మ మీదికి వస్తది. రాయకుంటే అబద్ధం. దళారి పోలీసులకు చెప్పే ఉంటడు, అప్పుడు కొడుకు మాట కూడా ఎవ్వరూ నమ్మరు. మా చుట్టాలలో ఒకరు "నాకేం తెల్వదని రాయుండ్రి, అంతే" అన్నరు.

మా మేనల్లుడు కూడా మొదట అదే అన్నడు. "నౌకరి పోతే పోనీ మామా, అమ్మను స్టేషన్‌కు ఎక్కియ్యను."

మా చెల్లె ఒప్పుకోలేదు. "నేను చేసింది నేను చెప్త. వానికి తెల్వదన్న మాట నేను చెప్పకుంటే ఎవరు చెప్తరు?" అని, తానే పోలీసుల దగ్గరికి పోయి బయానా ఇచ్చింది. ఎంత ఇచ్చింది, ఎక్కడ ఇచ్చింది, ఎవరి ముందల ఇచ్చింది, అన్నీ చెప్పింది. అరవై దగ్గరికి వచ్చిన మనిషి, బీడీ కార్ఖానా గేటు తప్ప వేరే గేటు తొక్కని మనిషి. నేను బయట బెంచి మీద కూసున్న. మూడు గంటలు పట్టింది.

ఆమె చేసింది తప్పే. అన్ననైనా నేను కాదనను. కానీ తప్పు చేసి కొడుకు వెనక దాక్కోలేదు.

ఇప్పుడు కేసు అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌లో ఉన్నది. జవాబు పత్రం తెప్పించి, కార్బన్ కాపీతో కలిపి చూడమని అడిగినం. మావాడు కార్బన్ కాపీ తన పుస్తకాల పెట్టెలో దాచుకున్నడు. అందుకే ఇంకా ఆశ ఉన్నది. మొన్న తారీఖుకు పోయి వచ్చేటప్పుడు రైల్ల నాతో అన్నడు. "మళ్ళ పరీక్ష పెట్టమనుండ్రి మామా. రేపే పెట్టమనుండ్రి. ఎదురింటి వానిని కూడా కూసోబెట్టుండ్రి. వాడు గెలిస్తే వానికే ఇయ్యుండ్రి."

మన ఇండ్లల్ల యాది పెట్టుకోవలసినవి

మా మీద పడ్డది మీ మీద పడవద్దని ఈ నాలుగు మాటలు.

పరీక్ష రాసిన పిల్లల హాల్ టికెట్, కార్బన్ కాపీ, మార్కుల కాగితం నౌకరి పర్మనెంటు అయ్యేదాకా కాదు, ఆ తర్వాత కూడా దాచుండ్రి. అవే మీ సాంచ నంబరు.

కార్బన్ కాపీ ఇయ్యని పరీక్షైతే, తన జవాబు పత్రం తాను చూసుకునే హక్కు అభ్యర్థికి ఉన్నది. 2011లో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తుతో అడగవచ్చు. అయితే పరీక్ష పెట్టినవాళ్ళు కాగితాలు కొంత కాలమే ఉంచుతరు, అందుకే ఆలస్యం చెయ్యొద్దు.

నౌకరి తీసేసినట్టు కాగితం వస్తే, తీసుకున్న తారీఖు రాసి పెట్టుకోండి. కారణాలు, ఆధారాలు రాతలో అడగండి. ట్రిబ్యునల్‌కు పోవడానికి మామూలుగా ఆఖరి హుకుం వచ్చిన నాటి నుంచి ఏడాది గడువు. ఏడ్చుకుంట కూసుంటే ఆ ఏడాది గడిచిపోతది.

నాలుగోది దళారి సంగతి. "పని కాకుంటే పైసలు వాపస్" అనే మనిషి మీ గడప దొక్కితే, ఆయన మీ పిల్లల చదువును మీకే అమ్ముతున్నడని తెలుసుకోండి. పరీక్షల్లో ముఠాలు కట్టి మోసం చేసేవాళ్ళకు 2024 నాటి కేంద్ర చట్టం కింద అయిదు నుంచి పదేండ్ల జైలు, కోటి రూపాయలకు తక్కువ కాని జరిమానా ఉన్నది. అది కేంద్రం పెట్టే పరీక్షలకు. కానీ ముఠా పట్టుబడితే ముందు బయటపడేది జాబితాలో ఉన్న మన పిల్లల పేర్లే.

ఆ చివరి మాట మా చెల్లె చెప్పమన్నది. ఆమె ఇప్పుడు బీడీలు ఇయ్యడానికి కార్ఖానాకు పోయినప్పుడల్లా, లైనుల నిలబడ్డ ఆడవాళ్ళకు తాను ఎంత ఇచ్చిందో, ఏమైందో చెప్తది. మొదట సిగ్గుపడేది. ఇప్పుడు పడదు. పోయిన వారం ఒకామె లైనులకెళ్లి పక్కకు వచ్చి, "అక్కా, మా ఇంటికి కూడా ఒకాయన వస్తుండు" అన్నదట. ఇద్దరూ కలిసి చెట్టు కింద చాలాసేపు కూసున్నరట. ఆ రోజు మా చెల్లెకు బీడీల ముట్టజెప్పుడు ఆలస్యమైంది.